దీపం పెట్టాకే వడ్డన

కొండాపూర్‌లో ఆ వృద్ధుల నర్సింగ్ హోంలో నేను స్టోరు తాళాలు చేతికి తీసుకున్న రోజున వంటామె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గంజి పెట్టిన చీర కట్టుకొని పప్పులు కొలుస్తవా దొరసానీ?" అంది.

"కొలుస్తాను. ముందు నువ్వు గిన్నె పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. మా ఇద్దరి పరిచయం అంతటితో పూర్తయింది.

మా తాతగారి కాలంలో మాకు ఎన్ని ఊళ్లుండేవో, అవి ఎలా పోయాయో నేను ఎవరికీ చెప్పను. చెబితే కొందరు జాలిపడతారు, కొందరు లోపల సంతోషిస్తారు. రెండూ నాకు అక్కర్లేదు. తొంభైల ఆఖరులో నేను నార్సింగిలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేదాన్ని. నాకు ఉద్యోగం కావాలి. ఆ నర్సింగ్ హోంకు నమ్మకమైన మనిషి కావాలి. సరుకులు తూచి ఇవ్వడం, వంట ఎంత మిగిలిందో చూడటం, వంటిల్లు మూసి తాళాలు భద్రం చేయడం నా పని. మా ఇంట్లో ఈ పని చేసిన మనిషిని మేము పేరు చివర 'గారు' చేర్చి పిలిచేవాళ్లం. ఇక్కడ ఒకరిద్దరు తప్ప అందరూ నన్ను వెనక దొరసాని అని, ముందు మేడం అని పిలిచేవారు. వెనక పిలిచే పిలుపే నాకు నచ్చింది. వెటకారమే అయినా అందులో అబద్ధం లేదు.

అప్పటికి అటువైపు ఊరు ఇంకా రాలేదు. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి కట్టడం ఒక్కటి మెరుస్తూ నిలబడి ఉండేది. చుట్టూ బండలు, తుమ్మచెట్లు, తవ్విన గోతులు. ఎక్కడో ఎర్ర జెండా ఊపేవారు, ఈల వేసేవారు, కాసేపటికి బండ పేలేది. మా వంటింట్లో స్టీలు కంచాలు గలగలమనేవి. పొద్దు వాలితే రోడ్డు మీద దీపాలుండవు, బస్సులు దొరకవు. వంటామె, అంట్లు తోమే మనిషి ఇద్దరూ బాలానగర్ నుంచి వచ్చేవారు. చీకటి పడేలోపు వాళ్లు బస్సు అందుకోవాలి. అందుకని ఆ ఇంట్లో రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నరకు పెట్టేవారు.

మధ్యాహ్నం మూడింటికి టీ, రెండు బిస్కెట్లు. ఐదున్నరకు అన్నం. ఆ తర్వాత వంటిల్లు మూసేస్తే మళ్లీ పొద్దున ఎనిమిదింటికే టిఫిను. మధ్యలో ఎవరికి ఆకలేసినా కుండలో నీళ్లే. చేరిన కొత్తలోనే నేను యజమానిని అడిగాను. ఆయనది రాయలసీమ. భూముల వ్యాపారంలో సంపాదించి, ఈ ఇల్లు కట్టించి, దీన్ని పుణ్యకార్యమని చెప్పుకునేవాడు.

"పెద్దోళ్లు పొద్దుండంగానే తింటే బాగా అరుగుతాదిమ్మా" అన్నాడు.

"మీ అమ్మగారు ఎన్నింటికి తింటారు?" అన్నాను.

ఆయన వాచీ చూసుకుని వెళ్లిపోయాడు.

కింది అంతస్తు హాల్లో కిటికీ పక్క మంచం ఒక పెద్దామెది. జీవితమంతా సొంతంగా బట్టల కొట్టు నడిపిన మనిషి. పిల్లలు లేరు. భర్త ముందే పోయాడు. ఓపిక తగ్గిందనిపించిన రోజున కొట్టు అమ్మేసి, పెట్టె సర్దుకుని, తన కాళ్ల మీద తానే ఆటో దిగి వచ్చి చేరింది. ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే అంచు వేళ్ల మధ్య నలిపి, "కడిగితే రంగు పోతది" అనేది. ఎప్పుడూ అది నిజమయ్యేది. షుగరు తప్ప ఆమెకు వేరే జబ్బు లేదు.

వేసవి అంతా ఆమె బాగా తిన్నది. వానల్లోనూ తిన్నది. చలి మొదలయ్యాక, కార్తీకం వచ్చేసరికి రాత్రి అన్నం ముట్టుకోవడం మానేసింది. ముందు ఒకపూట, తర్వాత రోజూ. ఆ తర్వాత కొన్ని ఉదయాలు ఒళ్లంతా చెమటలు పట్టి, మాట ముద్దగా వచ్చి, ఎదురుగా నిలబడిన సిస్టర్‌ను చూసి "ఎవరు నువ్వు?" అని అడగడం మొదలైంది. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకునేది. వారానికోసారి వచ్చే డాక్టరు చూసి, వయసుతో వచ్చే మతిమరుపు అన్నాడు. ఆకలి మరిచిపోతోందన్నాడు. పైఅంతస్తుకు మార్చి ముక్కులో గొట్టం వేసి ఆహారం పంపాలన్నాడు. సోమవారం మార్చేద్దామని యజమాని చెప్పాడు.

పైఅంతస్తు అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడ కిటికీలు తెరవరు. గొట్టాలు పీకేసుకోకుండా కొందరి చేతులు మెత్తటి గుడ్డతో మంచానికి కట్టి ఉంచుతారు. పైకి వెళ్లినవాళ్లు మెట్లు దిగి రావడం నేను చూడలేదు.

మా సిస్టర్ కోనసీమ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. పని తెలిసినది, మనసున్నది. ఆ గురువారం భోజనాల వేళ నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయా పెద్దామె ముందు కంచం పెట్టి, షుగరు మాత్ర మింగించి వెళ్లింది. సిస్టర్ పెద్దామె పక్కన కూర్చుని బతిమాలుతోంది.

"రెండు ముద్దలు తినండమ్మా. నా కోసం తినండి."

"తింట. పెట్టిపో."

"నేను వెళ్తే మీరు తినరండి."

"నువ్వు పోతెనే తింట."

సిస్టర్ లేచింది. పెద్దామె కంచాన్ని తన వైపు జరుపుకుంది. చేయి పెట్టలేదు. మంచం కింది నుంచి తన సొంత ఇత్తడి పళ్లెం తీసి కంచం మీద బోర్లించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి పడమటి వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అంట్లు తోమే మనిషి బస్సు తొందరలో వచ్చి, పళ్లెం తీసి పక్కన పెట్టి, అన్నం నిండా ఉన్న కంచం ఎత్తుకుపోయింది. పెద్దామె పళ్లెం మళ్లీ మంచం కిందికి తోసింది. అప్పుడు బయట ఎర్రగా ఉంది. దుమ్ములోంచి సూర్యుడు బండల వెనక్కి దిగుతున్నాడు.

నేను వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడ్డాను.

"ఎవరి కోసం మూత పెట్టారు?"

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "నువ్వు దొరల గడీల పుట్టినదానివంట గదా బిడ్డా. మీ ఇంట్ల దీపాలు పెట్టే యాళ్లకు బువ్వ తింటరా?"

"తినం."

"మరి నన్నెందుకు తినమంటున్నరు?"

నాకు మొత్తం అర్థమైంది. గడియారంలో ఐదున్నర ఎప్పుడూ ఐదున్నరే. ఎండాకాలంలో ఆ వేళకు సూర్యుడు ఇంకా పైన ఉంటాడు, తింటే తప్పు లేదు. చలికాలం వచ్చేసరికి అదే ఐదున్నర నేరుగా సంధ్యవేళలో పడింది. ఆ వేళ తినకూడదు, పడుకోకూడదు, దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే అన్నం. పుట్టిన దగ్గర నుంచీ ఆమె తప్పని నియమం అది. పొద్దు గూకాక తిందామని ఆమె రోజూ కంచానికి మూత పెట్టి కూర్చునేది. పొద్దు గూకకముందే కంచం పోయేది.

"ఆ మాట వీళ్లకు చెప్పవచ్చు కదా?"

"ఏమని జెప్పాలె? ఒకరింట్ల ఉండి నాకు గీ యాళ్లకు బెట్టు, గా యాళ్లకు బెట్టు అని అడుగుతమా? నా కొట్టుకు వచ్చినోళ్లను నేను అడగనిచ్చిన గని, నేనెన్నడు ఎవల్ని అడగలే."

ఆమె స్థానంలో ఉంటే నేనూ అడిగేదాన్ని కాదు.

సిస్టర్‌కు మూత సంగతీ, మాత్ర సంగతీ చెప్పాను. ఆమె మందుల ట్రే కింద పెట్టేసింది. "అయ్యో, మరి షుగరు మాత్ర అన్నంతో పాటు పడాలండి. తినని రోజున ఆయా మాత్ర ఇవ్వడం లేదనుకున్నాను, కంచం ముందు పెట్టగానే ఇచ్చేస్తోందన్నమాట. మాత్ర లోపలికెళ్లి, అన్నం బయటికెళ్లిపోతే రాత్రంతా షుగరు పడిపోదాండీ! పొద్దున్న ఆ చెమటలు అందుకేనండి. మతిమరుపు కాదండి, ఏమీ కాదు." ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. "నేను డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. కానీ సార్ టైము మార్చరండి."

డాక్టరు ఊళ్లో లేడు, ఆదివారానికి గానీ దొరకడన్నారు. సార్ గురించి సిస్టర్ చెప్పింది నిజమే. శుక్రవారం యజమాని వచ్చినప్పుడు విషయం చెప్పాం. మా మాటలకు ఆయన నవ్వాడు.

"ఒక ముసలామె కోసరం ఇంతమంది టైము మారుస్తామా? ఈ పొద్దు ఈమె దీపమంటాది. రేపు ఇంకొకరు రాహుకాలమంటారు. ఎల్లుండి ఒకాయన వారం జూసి కూరొండమంటాడు. ఇది ఆస్పత్రి లెక్కమ్మా, పెండ్లిల్లు కాదు."

"ఆవిడకు మతి బాగానే ఉంది. ఆకలి కూడా ఉంది. అన్నం ఒక గంట ఆలస్యంగా పెడితే చాలు" అన్నాను.

"వంటోళ్లు పోయినాక ఎవరు పెడతారు?"

"నేను పెడతాను."

"మీరా?" ఆయన నా ముఖం వైపు చూసి నవ్వాపుకున్నాడు. "వద్దులేమ్మా. మీ ఇంటోళ్లు విన్నారంటే బాధపడతారు. సోమవారం పైకి మారుస్తాండాం, అంతే."

మా ఇంటివాళ్ల పేరు ఆయన నోట రావడం నాకు సహించలేదు. వాళ్ల గురించి ఆయనకు తెలియనిది ఒకటి ఉంది. అన్నీ పోయిన తర్వాతి ఏళ్లలో, పెద్ద భోజనాల గదిలో మేము ముగ్గురమే మిగిలిన రోజుల్లో, కంచాల్లోకి జొన్న గట్క, పచ్చిపులుసు తప్ప ఏమీ ఉండేవి కావు. మా నానమ్మ అప్పుడు కూడా దీపం వెలిగించాకే పీటలు వాల్చేది. ఏం తింటున్నామో మేము ఎంచుకోలేకపోయాం. ఎప్పుడు తింటున్నామో మాత్రం మేమే ఎంచుకున్నాం. నాకు సంధ్యవేళ మీద పెద్ద నమ్మకం లేదు. ఆ వేళ తింటే దరిద్రమంటారు. మేము ఏనాడూ ఆ వేళ తినలేదు, దరిద్రం వచ్చింది. నా నమ్మకమల్లా ఒక్కటే. ఎనభై ఏళ్లు తన వేళకు తాను తిన్న మనిషికి, ఇప్పుడు నీ వేళ ఇదీ అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

శనివారం మధ్యాహ్నమే నేను బొబ్బర్లు నానబెట్టించాను. నాలుగున్నరకు గుడాలు ఉడికి ఘుమఘుమలాడుతున్నాయి. పళ్లు లేనివాళ్లకు గరిటెతో మెత్తగా మెదిపి, ఉల్లిపాయ సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి ఇచ్చాం. షుగరున్నవాళ్లకూ ఇబ్బంది లేదని సిస్టర్ చెప్పింది. బాలానగర్ కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక ముస్లిం పెద్దాయన అక్కడ ఉండేవాడు. అందరూ చాచా అనేవారు. ఆయన గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది దొరసానమ్మా, ఇయ్యాల ఎవరి షాదీ?"

"ఎవరిదీ కాదు చాచా. ఈరోజు అన్నం ఆలస్యం. అందాకా ఇది తినండి."

"ఎంత లేటు?"

"చీకటి పడ్డాక."

ఆయన ముఖం వెలిగింది. "అరే, గట్లనా! నాకైతే పొద్దుగూకే యాళ్ల మగ్రిబ్ నమాజు గూడ నిమ్మళంగ అయితది. రోజూ నోట్ల ముద్ద ఉండంగనే అజాన్ యాళ్ల యాదికొస్తుండె. పరేషాన్ పరేషాన్!"

ఐదున్నర కావస్తుండగా వంటామె అన్నం, పప్పు, చారు దించి గిన్నెలు బయటికి పట్టుకురాబోయింది. నేను ఆమెను ఆపి, గిన్నెల మీద మూతలు పెట్టించి, వంటింటి తలుపు వేసి తాళం వేశాను.

"ఏందమ్మా గిది?" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "నా బస్సు పోతది. చీకట్ల నన్నెవరు దింపుతరు? నీ పల్లకీ పంపుతవా?"

"పల్లకీ ఎప్పుడో అమ్మేశాం. నువ్వు బస్సుకు వెళ్లు. వడ్డించేది నేను."

"అంట్లు?"

"అవీ నేనే."

"నువ్వు అంట్లు తోముతవా!" ఆమె అంట్లు తోమే మనిషి వైపు తిరిగింది. "ఇన్నవా? నడువే, నడువు. గీమె మనసు మారకముందే పోదాం." ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు. గేటు దాటాక వంటామె వెనక్కి తిరిగి, "సారు అడిగితే నాకేం తెల్వదని చెప్త!" అని అరిచింది. అలాగే చెప్పమన్నాను.

మార్చిన వేళ ఎందుకో తెలియక హాల్లో కొందరు గొణిగారు. ఒకాయన కంచాన్ని చెంచాతో కొట్టాడు. నేను తాళం చెవి కొంగున ముడివేసుకుని వాళ్ల మధ్య నిలబడ్డాను. గుడాలు తిన్న కడుపులు కాబట్టి గొణుగుడు గొణుగుడుగానే ఉండిపోయింది. కిటికీ బయట ఎరుపు తగ్గి బూడిదరంగు వచ్చింది. తర్వాత బండలు కనిపించకుండా పోయాయి. సిస్టర్ లేచి ట్యూబులైటు వేసింది. అది రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.

పెద్దామె ఆ లైటు వైపు తిరిగి రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది. హాల్లో ఇంకో ఐదారుగురు అలాగే చేశారు. వాళ్లంతా ఇన్నాళ్లూ ఆ వేళ అన్నం మింగుతూ ఉన్నవాళ్లే. చాచా నమాజు చాప మడిచి పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. నేను తాళం తీసి వడ్డించాను. ఆయా మాత్ర పట్టుకుని వస్తుంటే సిస్టర్ ఆపి, తినడం మొదలయ్యాకే ఇవ్వమంది.

పెద్దామె పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎవరూ బతిమాలలేదు. మారు వడ్డించమంది. పెరుగు పుల్లగా ఉందంది. నేను వెళ్లి అంట్లు తోమాను. అంతమంది కంచాలు నేను అంతకుముందు తోమలేదు. పీచు పట్టుకోవడం చేతకాక వేళ్లు చీరుకున్నాయి. ఆ వేళకు నార్సింగి పోవడానికి ఏ బండీ లేదు కాబట్టి స్టోరు పక్క గదిలో చాప వేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే సిస్టర్ పెద్దామె వేలికి సూది గుచ్చి షుగరు చూసింది. పడిపోలేదు. చెమట లేదు. పెద్దామె సిస్టర్ కొంగు పట్టుకుని చూసి, "గీ తెల్లచీరకు నీలం ఎక్కువ పెట్టినవు బిడ్డా" అంది. సిస్టర్ నవ్వుతూనే ఫోను దగ్గరికి పరిగెత్తి డాక్టరుకు చెప్పింది. సోమవారం పైకి మార్చవద్దని, కొన్నాళ్లు ఇలాగే చూద్దామని ఆయన అన్నాడు.

యజమాని ఆదివారం సాయంత్రమే వచ్చాడు. ఎవరో అప్పటికే చెప్పేశారు. ఆ రోజు గుడాలకు బదులు అటుకుల ఉప్మా అయ్యింది, తాళం పడింది, లైటు వెలిగింది. అందరూ తింటున్న సమయంలో ఆయన హాల్లోకి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"ఏమ్మా, వంటింటికి తాళమేసినావంట? నా మాటంటే లెక్కల్యా నీకు?"

అంతవరకూ ఆయన నన్ను మీరు అనేవాడు. నేను చారు గిన్నె దించలేదు.

"లెక్క ఉంది. అందుకే ముందు మిమ్మల్నే అడిగాను. మీరు కాదన్నారు."

"కాదన్నాక చేసినావే!"

"అన్నం పెట్టడమే కదా చేశాను. ఎవరినీ పస్తు పెట్టలేదు. రేపూ ఇలాగే పెడతాను. నన్ను తీసేస్తే మీ ఇష్టం. తీసేసేదాకా ఈ ఇంట్లో దీపం వెలిగాకే వడ్డన."

సిస్టర్ ముందుకొచ్చి షుగరు సంగతి, డాక్టరు మాట చెప్పింది. ఆయన విన్నాడు. వ్యాపారి కదా, లాభం ఎటుందో ఆయనకు తొందరగానే తెలుస్తుంది. పైఅంతస్తులో ఒక మంచం, ఒక ఆయా మిగులుతాయి. వడ్డనకు జీతం లేని మనిషి దొరికింది. కానీ అంతమంది చూస్తుండగా ఊరికే తగ్గడం ఆయనకు కుదరలేదు.

"సరే. టైము నువ్వు చెప్పినట్లే కానీ. తాళమేసింది మాత్రం తప్పు. అందరి ముందర తప్పయిందని చెప్పు. ఇంతటితో వదిలేస్తా."

"తప్పు కాదు" అన్నాను.

"ఒక్క మాటమ్మా. చెప్పేస్తే అయిపోతాది."

"సారూ, ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. వెతికినా దొరకదు."

సిస్టర్ నా మోచేయి పట్టుకుని చెప్పెయ్యండి అన్నట్టు మెల్లగా నొక్కింది. నేను నిలబడిన చోటే నిలబడ్డాను. ఉద్యోగం పోతే నార్సింగిలో వచ్చే నెల ఎలా గడపాలో నాకు తెలియదు. అది తెలియకపోవడానికీ వెన్ను వంచడానికీ నాకు సంబంధం కనిపించలేదు.

ఆయన మళ్లీ ఏదో అనబోయాడు. అప్పుడు కిటికీ పక్క నుంచి గొంతు వినిపించింది.

"ఓ సారూ, అన్నం కాడ లొల్లి వెట్టకు. కూసుంటే నీకు గూడ వడ్డిస్తది. కూసోకుంటే జర పక్కకు జరుగు. ఆమె నడిచే తొవ్వకు అడ్డం నిలబడ్డవు, నా చారు సల్లారుతున్నది."

చాచా నోట్లో ముద్దతో గట్టిగా నవ్వాడు. ఆయన తర్వాత ఇంకొకరు. యజమాని ఎవరివైపూ చూడకుండా ఒక అడుగు పక్కకు జరిగాడు.

ఆయన జరిగిన దారిలో నేను నడిచి వెళ్లి పెద్దామె కంచంలో చారు పోశాను.